బండి మీద తెలిసే గుణం

చెల్లెమ్మా, సంబంధం వచ్చిందంటే ఉద్యోగం, జీతం, ఇల్లూవాకిలీ అన్నీ ఆరా తీస్తాం కదా! నన్నడిగితే అబ్బాయి బండి ఎలా నడుపుతాడో కూడా చూడమంటాను. ఎర్రలైటు ఇంకా మూడు సెకన్లుండగానే హారన్ మోగిస్తాడా? ఆటో అడ్డమొస్తే నోరు పారేసుకుని వెంటపడతాడా, ‘పోనీలే’ అని దారిస్తాడా? పెళ్లిచూపుల్లో తల వంచుకుని కూర్చున్నవాడి అసలు గుణం అక్కడ తెలిసిపోతుంది.

ఇది నా ఊహ కాదు. 1949లోనే టిల్‌మన్, హాబ్స్ అనే ఇద్దరు కెనడాలోని లండన్ నగరంలో టాక్సీ డ్రైవర్ల మీద పరిశోధన చేశారు. మాటిమాటికీ యాక్సిడెంట్లు చేసేవాళ్ల పేర్లు కోర్టు రికార్డుల్లో, అప్పుల లెక్కల్లో కూడా ఎక్కువగా కనిపించాయి. మనిషి ఎలా బతుకుతాడో బండీ అలాగే నడుపుతాడని తేల్చారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలూ చాలావరకు అదే చెప్పాయి. ముక్కు మీద కోపం ఉన్నవాళ్లకీ, థ్రిల్ కోసం వెంపర్లాడేవాళ్లకీ ముప్పెక్కువ. పని పద్ధతిగా చేసుకునేవాళ్లకి తక్కువ.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది ‘నాకేం కాదులే’ అనే ధీమా. 1981లో స్వెన్సన్ అనే పరిశోధకుడు అడిగితే, అమెరికా విద్యార్థుల్లో నూటికి 93 మంది తాము సగంమంది కంటే బాగా నడుపుతామన్నారు. అదెలా కుదురుతుంది చెప్పు? గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను ఫోన్ చూస్తే చాలు, బండి పదహారు మీటర్లు దాటిపోతుంది. ఎంత చెయ్యి తిరిగినవాడికైనా అంతే.

మరి మనమో? బెదురు గుణం కూడా రోడ్డు మీద మంచిది కాదు. స్కూటీ మీద రెండు కాళ్లూ నేలకి ఈడుస్తూ, వెనక లారీ హారన్ కొట్టగానే నడిరోడ్డు మీద బ్రేకు వేసే అమ్మాయిల్ని చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్లని వెక్కిరించకూడదు. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద ఓపిగ్గా పక్కనుండి నేర్పాలి. అద్దం చూసుకోవడం అలవాటైతే సగం బెదురు పోతుంది.

కోపిష్టి మొగుడున్న ఇంట్లో మాత్రం కొంత మన చేతిలోనూ ఉంటుంది. ఆయన బయల్దేరే వేళకి గొడవ పెట్టుకోకు. దారిలో ఉన్నారని తెలిసీ ‘ఎక్కడున్నారు, ఇంకా రాలేదేం’ అని ఫోన్ మీద ఫోన్ చెయ్యకు. అలాగని ఆయన ర్యాష్‌గా నడిపితే తప్పు నీదని మాత్రం అనుకోవద్దు, తల్లీ. వెనక కూర్చుని బిక్కుబిక్కుమంటూ కళ్లు మూసుకోవడం ఇకనైనా మానెయ్. ‘నెమ్మదిగా పోనియ్యండి, నాకు భయంగా ఉంది’ అని గట్టిగా చెప్పు. వినకపోతే బండి ఆపించి దిగిపో. చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనీ.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో నూటికి 70కి పైగా చావులు అతివేగం ఖాతాలోనివే. హెల్మెట్ లేక పోయినవాళ్లలో వెనక కూర్చున్నవాళ్లే 14 వేలకు పైమాట. అంటే మనలాంటివాళ్లు! రెండో హెల్మెట్ కొనమంటే ఖర్చంటారు, జడ నలుగుతుందంటారు. నలగనీ తల్లీ! కొంగు చక్రంలో పడకుండా నడుముకి దోపుకో, కొత్త హెల్మెట్‌కి ఐఎస్‌ఐ గుర్తు చూసి కొను, బకిల్ టక్కుమనేదాకా పెట్టు.

ఇక పిల్లలు. దుడుకుతనం బాగా ఉరకలేసే వయసది. ‘మావాడు పదో తరగతికే బుల్లెట్ నడిపేస్తాడు’ అని మురిసిపోయే తల్లిని చూస్తే నాకు గుండె దడ. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరుకి బండిచ్చి, వాడు తప్పు చేస్తే పెద్దవాళ్లకి మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, పన్నెండు నెలలు బండి రిజిస్ట్రేషన్ రద్దు. వాడు అలిగి అన్నం మానేసినా సరే, పద్దెనిమిది నిండి లైసెన్సు చేతికొచ్చేదాకా తాళం నీ బీరువాలోనే ఉండాలి.