పొట్టు తీసేదెవరు?

ముప్పై ఏళ్లు రైతు సంఘాలకు సలహాలిచ్చి బతికాను, ఎక్కువగా అనంతపురం జిల్లాలోనే. సలహాదారంటే జీపు దిగి, టీ తాగి, రిపోర్టు రాసి, ఫీజు తీసుకుని పోయేవాడని ఊళ్లో ఒక అనుమానం ఉంటుంది. సగం నిజమే. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం, చేతులు కాల్చుకుని తెలుసుకున్నవి కొన్ని రాస్తున్నాను.

1. చేనికంటే ముందు వంటిల్లు చూడండి. నా చిన్నప్పుడు అక్కడ కొర్ర, జొన్న, రాగి ఇంటి తిండి. వేరుశనగ వచ్చి చేలు తీసుకుంది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చి కంచం తీసుకుంది. ఆ బియ్యాన్ని తప్పుపట్టను, ఆకలి తీర్చింది. కానీ కొర్రన్నం మరిచిపోయిన ఊరికి వెళ్లి, పట్నంలో గిరాకీ ఉంది కొర్ర వేయండంటే, ధర పడిన ఏడు ఆ పంటకు దిక్కుండదు. ఇంట్లో తినేదైతే కనీసం కుండలోకి పోతుంది.

2. లేనిదేమిటో వెతకండి. విత్తనం ఉంది, వానొస్తే పంట ఉంది, హైదరాబాదులో, బెంగళూరులో కొనేవాళ్లున్నారు. మధ్యలో పొట్టు తీసే మిషనే అప్పట్లో లేదు. రాగి, జొన్న, సజ్జలకు ఈ బాధ లేదు, నేరుగా పిండి పట్టించుకోవచ్చు. కొర్ర, సామ, అరిక, ఊదలకు గట్టి పొట్టుంటుంది. వడ్ల మిల్లులో పోస్తే నూకే మిగులుతుంది. ఒకప్పుడు ఆడవాళ్లు రోట్లో దంచేవాళ్లు. ఆ చాకిరీ మళ్లీ చేయమనడానికి నాకు నోరు రాదు. అందుకే మా కొర్రలు లారీ ఎక్కి ఎక్కడికో పోయి, బియ్యమై, రంగు ప్యాకెట్లో మా జిల్లా కేంద్రానికే తిరిగొచ్చేవి. లాభమంతా దారిలోనే దిగిపోయేది.

3. మిషను ఎంత పెద్దదని కాదు, ఏడాదిలో ఎన్ని రోజులు ఆడుతుందని అడగండి. నా మొదటి పెద్ద రిపోర్టు పుణ్యమా అని ఒక సంఘం గంటకు టన్ను ఆడే మిల్లు పెట్టింది. నాలుగూళ్ల నుంచి వచ్చిన కొర్రలు 60 టన్నులు. ఎనిమిది రోజుల్లో అయిపోయాయి. తొమ్మిదో రోజు సంఘం అధ్యక్షుడు బెల్టు మీద చెయ్యేసి, “ఇంగ ఏడాదంతా దీనికి దీపం పెట్టాల్నా సార్?” అన్నాడు. మిల్లు ఆగింది గానీ బ్యాంకు వాయిదా ఆగలేదు. గంటకు క్వింటాలు ఆడే చిన్న మిషనైతే అదే సరుకు 75 రోజుల పని. పక్కనే రాళ్లేరే మిషను, పిండిమర, కందిపప్పు ఆడేది ఉంటే కరెంటు కనెక్షనుకు పన్నెండు నెలలూ పనుంటుంది.

4. పొట్టే గాదె. పొట్టుతో ఉన్న కొర్రలు ఏళ్ల తరబడి నిలవుంటాయి. పొట్టు తీశామా, తవుడులోని నూనె ముక్కిపోవడం మొదలు. ఒకసారి సంక్రాంతికే సరుకంతా బియ్యం చేయించాను. ఉగాదికల్లా ముక్కవాసన, షాపులవాళ్లు బస్తాలు వెనక్కి పంపారు. ఆర్డరు వచ్చాకే ఆడించండి. తేమ సంగతికొస్తే, కళ్లంలో ఒక అవ్వ నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి, “ఇంగా రెండెండలు కావల్ల” అంది. మీటరు పెడితే 14 శాతం. రెండ్రోజుల తర్వాత మళ్లీ కొరికింది. టక్కుమంది. మీటరు 12 చూపించింది. మీటరు కొనండి, అవ్వను మాత్రం కాటా దగ్గరే కూర్చోబెట్టండి.

5. దళారిని తిట్టడం తేలిక. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు కూరగాయలకు బాగా పనికొచ్చాయి. పొద్దున కోసింది అమ్మి మధ్యాహ్నానికి డబ్బుతో ఇంటికి పోవచ్చు. ధాన్యం అలా కాదు. పట్నం షాపు డబ్బు మూడు నెలలకు ఇస్తుంది, రైతుకు కళ్లంలోనే కావాలి. ఆసుపత్రి ఖర్చుకని రాత్రి తలుపు కొడితే పదివేలిచ్చేది దళారే. తర్వాత తరుగు పేరుతో బస్తాకు రెండు కిలోలు లాగుతాడు, అది వేరే సంగతి. ఆ పదివేలు సంఘం ఇవ్వలేకపోతే సరుకు సంఘానికి రాదు. ఇప్పుడు నా రిపోర్టు మొదటి పేజీలో మిషను ధర ఉండదు, కళ్లం రోజున చేతిలో ఉండాల్సిన నగదు ఉంటుంది.

6. సంఘం 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల (మ్యాక్స్) చట్టం కింద సొసైటీ అయినా, కంపెనీల చట్టానికి 2002 సవరణతో వచ్చిన ఉత్పత్తిదారుల కంపెనీ అయినా, లెక్కలు రాసే మనిషికి జీతం కావాలి. 2020లో మొదలైన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల (ఎఫ్‌పీవోల) పథకంలో ఒక్కో సంస్థకు మూడేళ్లలో 18 లక్షల రూపాయల దాకా సాయం పెట్టారు. నాలుగో ఏడు జీతం ఎవరిస్తారో మొదటి మీటింగులోనే అడగండి.

7. బడి, హాస్టలు మంచి ఖాతాదార్లు. 2023లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో రాగిజావ మొదలైంది. మీ మండలం బడికెళ్లి, ఆ పిండి ఎక్కడిదో కనుక్కోండి.

8. ఎప్పుడు వెళ్లిపోతారో వచ్చిన రోజే చెప్పండి. ఆ పెద్ద మిల్లు సంఘం పోయినేడు దాన్ని అమ్మేసి రెండు చిన్నవి కొందట. నాతో ఒక్కమాట అనలేదు. బస్సులో కలిసిన వాళ్ల ఊరతను చెప్పాడు. నాకెందుకు చెప్పలేదంటే నవ్వాడు. “మీకు జెప్తే మళ్లా రిపోర్టు రాస్తారని బయపడినారు సార్.” పాత మిల్లుకు ధర మాత్రం నేను అనుకున్నదానికంటే బాగానే పలికిందట.