సగంలో ఆగిన గూళ్లు

పట్నం నుంచి పల్లెకు కాపురం మారితే పొద్దెలా పోతుందని దిగులా? 1930లో 33 ఏళ్ల సలీం అలీ బొంబాయిలో ఉద్యోగం పోయి, భార్యతో కిహీం అనే సముద్రతీర గ్రామం చేరారు. ఇంటి దగ్గరి చెట్టుకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతున్నాయి. ఆయన నిచ్చెన వేసుకుని, పైన గుడ్డచాటున కూర్చుని, నెలల తరబడి వాటినే చూశారు.

గూడు అల్లేది మగపిట్టే. గడ్డిపోచలను, ఆకుల చీలికలను ముక్కుతో ముడివేస్తూ, వేలాడే టోపీలా సగం కట్టి ఆగుతుంది. అప్పుడు ఆడపిట్టలు వచ్చి, లోపల దూరి పరిశీలిస్తాయి. ఒకదానికి నచ్చిందా, మగది గుడ్ల గదినీ, కిందికి వేలాడే గొట్టాన్నీ పూర్తి చేస్తుంది. ఆ తరువాత ఇంకో గూడు మొదలుపెట్టి మరో ఆడపిట్టను పిలుస్తుంది! ఎవరికీ నచ్చని గూడు సగంలోనే మిగిలిపోతుంది. ఈ సంగతులను సలీం అలీ 1931లో ప్రకటించారు. (ఆ ఏడే మన హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వేకు వచ్చిందీ ఆయనే.)

వానాకాలంలో మీ ఊరి బావిమీదికి వంగిన ఈతచెట్టునో, తుమ్మచెట్టునో గమనించండి. ఆ రోజుల్లో తలమీద పసుపు ఉన్నది మగది. ఆడది పిచ్చుకలా ఉంటుంది. గొట్టం ఉన్న గూళ్లెన్ని? లేనివెన్ని? వారం వారం లెక్క రాసుకోండి. చెట్టు మాత్రం ఎక్కకండి, లోపల గుడ్లుండవచ్చు.