దూడకు పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపం

సదాశివనగర్ చుట్టుపక్కల హెచ్.ఎఫ్. సంకర జాతి ఆవులను సాకే కుటుంబాల కోసం ఈ పాఠం రాస్తున్నాము.

దూడ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. కొన్ని వారాలకు పారుడు, నిమోనియా, నోట్లో పుండ్లు మొదలవుతాయి. మందు వేస్తే తగ్గి మళ్ళీ వస్తాయి. చిగుళ్ళు వాచి పళ్ళు కదులుతాయి. ఏడాది నిండకముందే చనిపోవచ్చు. ఇలాంటి చావులకు ఎక్కువసార్లు కారణం జున్నుపాలు సరిగా తాగించకపోవడమో, నట్టలో అయి ఉంటుంది. ముందు అవే చూసుకోండి. అరుదుగా మాత్రం కారణం రక్తంలోనే ఉంటుంది. దాన్ని 'బ్లాడ్' అంటారు.

తెల్ల రక్తకణాలు రక్తనాళం గోడను పట్టుకొని బయటికి వస్తేనే పుండు దగ్గరికి చేరుతాయి. అలా పట్టుకొనే కొక్కెంలో ఒక భాగం సిడి18 అనే ప్రోటీన్. అందులో 128వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లానికి బదులు గ్లైసిన్ చేరితే కొక్కెం పట్టదు. అందుకే రక్తపరీక్షలో తెల్ల కణాలు విపరీతంగా కనిపిస్తాయి, పుండు మాత్రం మానదు.

ఈ మార్పును 1992లో అమెరికాలో కనుగొన్నారు. అప్పుడు పరీక్షించిన హోల్‌స్టీన్ ఆబోతుల్లో నూటికి 14 దీన్ని మోస్తున్నాయి. వాటి వంశం 1952లో పుట్టిన ఆస్బర్న్‌డేల్ ఐవన్‌హో అనే ఆబోతు దగ్గరికి చేరింది. మోసే పశువుకు ఏ జబ్బూ ఉండదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మన దేశంలోని హెచ్.ఎఫ్., సంకర పశువుల్లోనూ ఇది కనబడింది.

తల్లి, తండ్రి ఇద్దరూ మోస్తే నాలుగింట ఒక దూడకు జబ్బు వస్తుంది. ఆబోతు మోసేదైతే దాని కూతుళ్ళలో సగం మోస్తాయి. అదే ఆబోతు వీర్యం కూతురికి వేయిస్తే ఎనిమిదింట ఒక దూడకు ప్రమాదం. మేనరికం కంటే దగ్గరి సంబంధం ఇది!

వీర్య కేంద్రాల్లో హెచ్.ఎఫ్. ఆబోతులకు బ్లాడ్ పరీక్ష చేయాలని ప్రభుత్వ నియమం ఉంది. ఊళ్ళో తిరిగే సంకర కోడెకు ఆ పరీక్ష ఎవరు చేస్తారు? గోపాలమిత్ర సూది వేసినప్పుడు వీర్యనాళిక మీది ఆబోతు నంబరును క్యాలెండర్‌లో రాసుకోండి. పెయ్య ఎదకు వచ్చినప్పుడు వేరే నంబరు అడగండి.

మనుషుల్లోనూ ఇదే ప్రోటీన్ లోపం అరుదుగా ఉంది, దగ్గరి సంబంధాల్లో ఎక్కువ. బిడ్డ బొడ్డుతాడు నాలుగు వారాలు దాటినా ఊడకపోతే, పుండు చీము పట్టకుండానే పెరుగుతుంటే, పసరు పూయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. పెళ్ళి మేనరికమని అడగకముందే చెప్పండి.