కొరియా అత్తవారింట: ఆచారం నేర్చుకుందాం, ఆరోగ్యం దాచవద్దు



గోదావరిఖని, రామగుండం కాలనీల్లో పెరిగిన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు దూరదేశాలు వెళ్లడం ఇప్పుడు కొత్త కాదు. కొరియా కూడా మనకు దగ్గరైంది. పెనుకొండ వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక కొరియావారు తెలుగు నేల మీదనే నివసిస్తున్నారు. ఇటువంటి పరిచయాలు ఒక్కోసారి వివాహం వరకు వెళ్తాయి. "ఇద్దరూ విశ్వాసులే కదా, ఇక ఇబ్బందేముంది?" అని పెద్దలు అనుకోవచ్చు. విశ్వాసం ఒకటే అయినా తిండి, నిద్ర, మాటతీరు, పండుగలు వేరుగా ఉంటాయి. ఇబ్బందిని లోలోపలే దాచుకుంటే ఒంట్లోనూ మనసులోనూ జబ్బుగా బయటపడుతుంది. వీటిని గూర్చి ఈ పాఠంలో ఆలోచిద్దాం.

1. వరుసలు, మర్యాదలు

కొన్ని మనకు తెలిసినవే. కొరియా ఇంట్లో చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తారు. పెద్దలకు ఏదైనా రెండు చేతులతో అందిస్తారు. పెద్దలను పేరుపెట్టి పిలవరు. మనకు బావగారు, మరిది, ఆడబిడ్డ, తోటికోడలు ఉన్నట్లే వారికీ వరుసకొక పిలుపు ఉంది. కోడలు అత్తగారిని "ఒమొనిమ్", మామగారిని "అబొనిమ్" అని పిలుస్తుంది. పెళ్లయినా అక్కడ స్త్రీ ఇంటిపేరు మారదు. పిలుపులు, పలకరింపులు పెళ్లికి ముందే నేర్చుకుంటే మొదటి రోజు బెరుకు చాలావరకు తగ్గుతుంది.

2. వేకువ ప్రార్థన, నిద్ర

1907లో ప్యోంగ్‌యాంగ్‌లో గొప్ప ఉజ్జీవం వచ్చింది. ఆ కాలంలో కిల్ సన్‌జు అనే సేవకుడు నడిపిన వేకువ ప్రార్థన కొరియా సంఘాలకు గుర్తుగా నిలిచింది. నేటికీ అనేక సంఘాల్లో తెల్లవారుజామున ఐదింటి ప్రాంతంలో కూడుకుంటారు. అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థిస్తారు. ఇది మన సంఘాల్లోనూ ఉన్నదే. ఆదివారం ఆరాధన తరువాత చాలాచోట్ల సంఘమంతా కలిసి భోంచేస్తుంది. వంటలోనూ గిన్నెలు కడగడంలోనూ కొత్త కోడలు చెయ్యి వేస్తే అందరికీ సంతోషం.

అయితే నిద్ర చాలకపోతే ఏమవుతుందో రాత్రి షిఫ్టు చేసే ఇళ్లకు చెప్పనక్కర లేదు. ఉద్యోగం చేసేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏయే రోజులు వెళ్లగలరో భార్యాభర్తలు ముందే మాట్లాడుకోవాలి. ఆ సంగతి అత్తమామలకు కొడుకే చెప్పాలి.

3. పితరుల జ్ఞాపకం

చంద్రమాన సంవత్సరాదియైన సొల్లాల్, శరత్కాలపు చుసొక్ వారి పెద్ద పండుగలు. ఆ రోజుల్లో గతించిన పెద్దలకు భోజనం పెట్టి నమస్కరించే ఆచారం ఉంది. ప్రొటెస్టెంటు కుటుంబాలు చాలావరకు దాని బదులు జ్ఞాపకార్థ ఆరాధన చేసుకుంటాయి. సంవత్సరాదినాడు బ్రతికి ఉన్న పెద్దలకు వంగి మొక్కడం మాత్రం గౌరవానికే. బంధువులందరూ విశ్వాసులు కాకపోవచ్చు. కాబట్టి మీ మనస్సాక్షి దేనికి ఒప్పుకుంటుందో, దేనికి ఒప్పుకోదో పెళ్లి నిశ్చయానికి ముందే చెప్పండి.

4. భోజనం

కిమ్చి పూటపూటా ఉంటుంది. క్యాబేజీనో ముల్లంగినో ఉప్పు, కారం, వెల్లుల్లితో ఊరబెడతారు. తరచుగా చేప లేదా రొయ్యల ఊట కూడా కలుపుతారు. మన ఆవకాయలాగే ఇందులోనూ ఉప్పు ఎక్కువే. సోయా సాస్, చారుల్లోనూ ఉప్పు ఉంటుంది. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. బి.పి., మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మొహమాటపడక కొద్దిగానే తినాలి. చేప, రొయ్య పడనివారు మొదటి రోజే చెప్పాలి.

5. కాన్పు

మనవైపు ఇరవై ఒకటో రోజు వేడుక ఉన్నట్లే కొరియాలోనూ తల్లీబిడ్డలను 21 రోజులు జాగ్రత్తగా చూసే ఆచారం ఉంది. బాలింతకు సముద్రపు నాచు చారు పెడతారు. ఇందులో అయొడిన్ చాలా ఎక్కువ. థైరాయిడ్ జబ్బు ఉన్నవారు ఎంత తినవచ్చో డాక్టరును అడగాలి.

మరొక ముఖ్య విషయం రక్తపు గ్రూపు. మన దేశంలో నూటికి సుమారు ఐదుగురు ఆర్‌హెచ్ నెగటివ్. కొరియాలో నూటికి ఒక్కరు కూడా ఉండరు. కాబట్టి ఆ రక్తం అక్కడ దొరకడం కష్టం. మీది నెగటివ్ అయితే గర్భం నిలిచిన వెంటనే ఆసుపత్రిలో చెప్పండి. పాత రిపోర్టులు, మందుల అసలు పేర్లు వెంట ఉంచుకోండి.

6. ఒంటరితనం

భాష రాని ఇంట్లో నవ్వుతూ తల ఊపడం అలవాటైపోతుంది. అమ్మకు ఫోను చేసి "బాగున్నాను" అనడమూ అంతే. రెండు వారాలు దాటినా దిగులు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం ఉంటే అది విశ్వాసలోపం కాదు, వైద్యం అవసరమైన స్థితి. కొరియాలో పరదేశ కోడళ్లకు, అల్లుళ్లకు ఉచితంగా భాష నేర్పే కుటుంబ కేంద్రాలున్నాయి. 1577-1366 నంబరులో ఇంగ్లీషుతో సహా పలు భాషల్లో సహాయం దొరుకుతుంది. మన దేశంలో ఉన్నవారు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.

మోయాబు స్త్రీయైన రూతు అత్తతో బేత్లెహేముకు వచ్చింది. రూతు వారి మార్గం నేర్చుకుంది. నయోమి ఆమె క్షేమం వెదికింది. ఇద్దరూ తమ వంతు చేసినందువల్లనే ఆ ఇల్లు నిలిచింది. కొత్తగా వచ్చినవారు నేర్చుకోవాలి, ఇంటివారు అడిగి తెలుసుకోవాలి, ఇద్దరి మధ్య నిలబడి చెప్పే బాధ్యత భర్తది.

కుటుంబంగా చర్చించండి

1. మన ఇంటికి వేరే ప్రాంతం నుండి వచ్చిన కోడలిని "నీకు ఏది కష్టంగా ఉంది?" అని ఎప్పుడైనా అడిగామా?
2. దూరాన ఉన్న మన బిడ్డ "బాగున్నాను" అంటే, ఆ తరువాత ఏమి అడగాలి?
3. ఇంట్లో ప్రతి ఒక్కరికీ తన రక్తపు గ్రూపు తెలుసా?