పదునాఱు తరువాత నేది?

1, 2, 4, 8, 16. ఈ వరుసలో తరువాత రావలసిన సంఖ్య యేది? బాలబాలికలలో పెక్కుమంది తడవు చేయక 32 అని చెప్పుదురు. ప్రతి సంఖ్యయు దాని ముందుదానికి రెట్టింపు గదా యని వారి హేతువు. ఒక విద్యార్థి 31 అని వ్రాసెననుకొందము. ఆ యుత్తరమును వెంటనే కొట్టివేయవచ్చునా? విచారింతము.

మొదట రెట్టింపుల సంగతి చూతము. చదరంగపు బల్లకు 64 గళ్లు గలవు. మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండవదానిలో 2, మూడవదానిలో 4, ఇట్లు రెట్టింపుగా నుంచుచు పోయినచో మొత్తమెంత యగును? రెండు గళ్ల మొత్తము 3, మూడింటిది 7, నాలుగింటిది 15. ఎల్లప్పుడును మొత్తము తరువాతి గడిలో నుంచవలసిన సంఖ్యకంటె ఒకటి తక్కువ. ఈ సూత్రముచే 64 గళ్లకు వచ్చు మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615. వేయి గింజలు 20 గ్రాములు తూగునని యెంచినను, ఈ రాశి 36,000 కోట్ల టన్నులకు మించును.

ఈ లెక్క మన భాషకు క్రొత్త కాదు. 9వ శతాబ్దమున రాష్ట్రకూట రాజగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. పూర్వపు కరీంనగరు జిల్లాలోని వేములవాడ చాళుక్యులు ఆ రాష్ట్రకూటులకే సామంతులు. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనిగించెను. పై యిరువది యంకెల సంఖ్యను చెప్పు పద్యమొకటి మల్లన పేర ప్రసిద్ధమై యున్నది. అందు అంకెలకు మాఱు పేళ్లు వాడబడినవి: శశి యనగా 1, వేదములనగా 4, మన్మథుని శరములనగా 5, ఆకాశమనగా 0. ఒకట్ల స్థానము మొదలుకొని యెడమకు వ్రాసికొనుచు పోవలెను.

ఇక 31 సంగతి. ఒక వృత్తము గీచి, దాని పరిధిపై బిందువుల నుంచి, ప్రతి రెండింటిని సరళరేఖతో కలుపుడు. మూడు రేఖలు లోపల ఒకేచోట కలియకుండునట్లు బిందువులను ఎడమెడముగా నుంచవలెను. ఒక బిందువున్నచో వృత్తమంతయు ఒకే భాగము. 2 బిందువులకు 2 భాగములు. 3 కి 4. 4 కి 8. 5 కి 16. ఆఱు బిందువులకు 32 రావలెనని తోచును గాని, లెక్కించినచో 31 మాత్రమే యుండును.

దీనికి కారణమేమి? క్రొత్త రేఖ గీచినపుడెల్ల ఒక భాగము పెరుగును. అది పాత రేఖను దాటిన ప్రతిచోటను మఱియొకటి పెరుగును. కావున భాగముల సంఖ్య 1, రేఖల సంఖ్య, ఖండనబిందువుల సంఖ్య, ఈ మూడింటి మొత్తము. ఆఱు బిందువులను రెండేసి చొప్పున కలుపగా 15 రేఖలు. ప్రతి నాలుగు బిందువులకు ఒక ఖండనబిందువు. ఆఱింటినుండి నాలుగింటిని 15 విధముల నెన్నుకొనవచ్చును. 1 + 15 + 15 = 31.

భేదముల పద్ధతియు దీనినే చూపును. 1, 2, 4, 8, 16 లకు భేదములు 1, 2, 4, 8, వానికి భేదములు 1, 2, 4, పిమ్మట 1, 2, తుదకు 1. ఈ తుది భేదము మాఱదని యెంచి క్రిందినుండి పైకి కూడుచు వచ్చినచో 3, 7, 15, పిమ్మట 31 వచ్చును.

కావున రెండుత్తరములును సహేతుకములే. ప్రశ్నలో నియమము చెప్పబడనపుడు, అయిదు సంఖ్యలు మాత్రమే ఆఱవదానిని నిర్ణయింపజాలవు. ప్రవేశపరీక్షలలో సాధారణముగా మిక్కిలి సులభమైన నియమమునే కోరుదురు గనుక అచ్చట 32 వ్రాయుట యుక్తము. అయినను బాలుడు వేఱొక సంఖ్య చెప్పినపుడు, ఉపాధ్యాయులును తల్లిదండ్రులును మొదట “ఎట్లు వచ్చినది?” అని యడుగవలెను. హేతువు లేని 32 కంటె హేతువుగల 31 మేలు.

విద్యార్థులారా, ఏడు బిందువులకు రెట్టింపు నియమము 64 చెప్పును. వృత్తము 57 చెప్పును. కాగితమును, కొలబద్దను తీసికొని మీరే సరిచూచుకొనుడు.