బడికి రాని పిల్లల్నీ లెక్కలోకి తీసుకోండి

నాగార్జున విశ్వవిద్యాలయం నుంచో మరోచోటు నుంచో ఇంగ్లిష్ బోధన మీద పరిశోధనకు టీచర్లనూ పిల్లల్నీ చేర్చుకోవాలని పల్నాడు, ప్రకాశం పల్లెలకు బయల్దేరేవాళ్లు ముందు చూడాల్సింది పంటల కాలాన్ని. నవంబరు, డిసెంబరుల్లో పత్తి తీతలు, సంక్రాంతి దాటాక మిరప కోతలు. తల్లిదండ్రులు తెల్లవారకముందే కూలికి పోతే పెద్దపిల్ల చంటిబిడ్డను చూసుకుంటూ ఇంటి దగ్గర ఉండిపోతుంది. కర్నూలు వైపు నుంచి కోతలకు వలస వచ్చిన కుటుంబాల పిల్లలైతే చేలల్లోనే ఉంటారు. ఫిబ్రవరిలో తరగతి గదిలో కనిపించినవాళ్లకే పరీక్ష పెట్టి వచ్చేస్తే, చదువు తెగిపోతున్న పిల్లలే మీ లెక్కలోంచి జారిపోతారు. పేర్లు జూలై, ఆగస్టుల్లోనే రాసుకోండి. కోతలప్పుడు లేనివాళ్ల కోసం పొద్దుగూకాక ఇళ్లకు వెళ్లండి. ఆ తిరుగుడుకయ్యే ఖర్చు, ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ల భత్యం మొదటి రోజే బడ్జెట్లో రాయించుకోండి, తర్వాత ఎవరూ ఇవ్వరు.

టీచర్ల వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం పెట్టి వచ్చిన జవాబులతో సరిపెట్టుకునే అలవాటు బాగా పెరిగింది. జవాబిచ్చేది ఎక్కువగా ఉత్సాహం, తీరిక ఉన్నవాళ్లే. అలా కాకుండా, 2005లో మొదలైన ఆంధ్రప్రదేశ్ రాండమైజ్డ్ ఇవాల్యుయేషన్ స్టడీలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 5 జిల్లాల్లో 500 ప్రభుత్వ బడులను లాటరీ పద్ధతిలో ఎంచారు. మన రెండు జిల్లాలూ అందులో లేకపోయినా ఆ పద్ధతి నేర్చుకోదగ్గది. తర్వాత 180 గ్రామాల్లో ప్రైవేటు బడి వోచర్లు ఇచ్చినప్పుడు, వోచరు కావాలని అడిగినవాళ్లలోనే లాటరీ తగిలినవాళ్లనూ తగలనివాళ్లనూ పోల్చారు. నాలుగేళ్లకు తెలుగు, లెక్కల మార్కుల్లో తేడా తేలలేదు, హిందీలో మాత్రం వోచరు పిల్లలు ముందున్నారు. ఊరికే ప్రైవేటు పిల్లల్నీ సర్కారు పిల్లల్నీ పక్కపక్కన పెట్టి ఉంటే ఈ నిజం బయటపడేది కాదు. మీకు 500 బడులు అక్కర్లేదు. మండలంలోని బడులన్నిటి పేర్లూ చీటీల మీద రాసి 12 తీయండి చాలు.

డీఈవో అనుమతి పత్రం గేటు దాకా తీసుకెళ్తుంది, అంతే. హెచ్‌ఎం ఎదురుగా అడిగితే ఏ టీచరూ కాదనలేరు. విడిగా కూర్చుని అడగండి. ఎన్ని పీరియడ్లు కావాలో, ఏం రికార్డు చేస్తారో, మీ నోట్సు ఎంఈవో చేతికి వెళ్లదనీ, మధ్యలో మానుకోవచ్చనీ చెప్పండి. ఆలోచించుకోవడానికి ఒక రోజు గడువివ్వండి. హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పే స్కూల్ అసిస్టెంట్ ఒక్కరే ఉన్నచోట పేరు తీసేసినా ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. అందుకని నివేదికలో బడి పేరే కాదు, మండలం పేరూ రాయకండి. నా దృష్టిలో ఇది అన్నిటికన్నా పెద్ద బాధ్యత, ఎందుకంటే ఆ టీచరు రేపు కూడా అక్కడే పనిచెయ్యాలి.

పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. దానితోపాటు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల పిల్లల అంగీకారం నోటిమాటగా, ఆపైన 18 దాకా రాతపూర్వకంగా తీసుకోవాలి. చదువురాని తల్లికి పత్రం చదివి వినిపించి, సంబంధం లేని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోండి.

సుగాలీ తండాల్లో ఇంకో మెలిక ఉంది. ఇంట్లో లంబాడీ మాట్లాడే బిడ్డకు తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. ప్రశ్నావళి మొదటి పేజీలోనే ఇంటి భాష అడగండి. అదే తండాలో ఇంటర్ చదివిన అమ్మాయిని జీతమిచ్చి వెంట పెట్టుకోండి.

డబ్బు సంగతి. ఇంటర్వ్యూ కోసం తల్లి పని మానుకుంటే ఆ పూట కూలి ఆమె చేతికే ఇవ్వాలి. అలాగని కాదనడానికి మనసొప్పనంత మొత్తం ఇవ్వకూడదు.

ఫలితాలు ఎప్పుడు చెబుతారో సమ్మతి పత్రంలోనే రాయండి. థీసిస్ సమర్పించే ముందే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో అరగంట అడిగి, రెండు పేజీల తెలుగు సారాంశం టీచర్ల చేతిలో పెట్టండి. వాళ్లు తప్పు పట్టిన చోట్లు రాసుకుని, మార్చాల్సినవి మార్చాకే గైడ్‌కు పంపండి.