నలభై దాటిన ఒంటికి యోగా

మొక్కై వంగనిది మానై వంగుతుందా అని ఒక సామెత ఉంది. పిల్లల బుద్ధుల గురించి పెద్దలు ఆ మాట అంటారు. కాని చాలామంది ఒంటికి కూడా ఆ సామెతే చెప్పుకుంటారు. "నలభై దాటినయి, ఇంకేం వంగుతం?" అనుకుంటారు. ఒంటి విషయంలో ఈ మాట నిజం కాదు. మాను వంగకపోవచ్చు. మనిషి మాను కాదు. నలభైలో మొదలుపెట్టినా, యాభైలో మొదలుపెట్టినా ఒళ్ళు మళ్ళీ వంగుతుంది. అయితే నెమ్మదిగా వంగుతుంది. తొందరపడితే పట్టేస్తుంది.

ఒళ్ళు ఎందుకు బిగుసుకుంటుంది?

వాడని తలుపు బందులకు తుప్పు పడుతుంది. తెరవబోతే కిర్రుమంటుంది. మన కీళ్ళు కూడా అంతే. రోజూ అన్ని వైపులా కదలాలి. ఒకే పని ఒకే తీరుగా చేస్తే కొన్ని కండరాలు కురచబడతాయి. కొన్ని బలం తగ్గుతాయి.

వయసు కూడా తన పని తాను చేస్తుంది. ముప్పై దాటాక పదేళ్ళకు నూటికి 3 నుంచి 8 పాళ్ళ దాకా కండ తగ్గుతుంది. కండ తగ్గితే ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి కూడా తగ్గుతుంది. తిండి మాత్రం అంతే తింటాం. మిగిలింది కొవ్వుగా మారి పొట్ట చుట్టూ చేరుతుంది. ఆడవాళ్ళకు ముట్టు ఆగిపోయే రోజుల్లో ఇది ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

పెద్దక్క కష్టం

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఎంతోమంది ఆడవాళ్ళు బీడీలు చుట్టి బతుకుతారు. ఒడిలో చాట పెట్టుకుంటారు. తునికాకు కత్తిరిస్తారు. తంబాకు వేసి చుట్టి దారం కడతారు. మెడ వంచి, వీపు వంచి, పొద్దంతా కూర్చునే ఉంటారు. చేతివేళ్ళు తప్ప ఒళ్ళు కదలదు.

అలాంటి ఒక ఊళ్ళో ఒకామెను అందరూ పెద్దక్క అని పిలుస్తారు. ఆమెకు నలభై ఆరేళ్ళు. ఒకరోజు ఆమె ఉపకేంద్రంలో ఉన్న నర్సమ్మ దగ్గరికి వచ్చింది.

"ఏమైంది పెద్దక్కా?"

"ఏం చెప్పాలె సిస్టరమ్మా! కింద కూసుంటె లేవరాదు. లేస్తె నడుం పట్టుకుంటది. ఏడాదిల ఆరు కిలోలు పెరిగిన. కూసోకపోతె చాట ఎట్ల పట్టాలె? చాట పట్టకపోతె పూట ఎట్ల గడవాలె?"

నర్సమ్మ బరువు చూసింది. 68 కిలోలు. ఎత్తు 150 సెంటీమీటర్లు. బీపీ కొంచెం ఎక్కువగా ఉంది. రక్తంలో చక్కెర బాగానే ఉంది. మోకాళ్ళు చూపించుకొమ్మని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపింది. అక్కడ డాక్టరు చూశాడు. మోకాళ్ళు పెద్దగా అరగలేదు, కండలు బలం తగ్గాయి అన్నాడు. ఉప్పు తగ్గించమన్నాడు. యోగా చేయవచ్చు అన్నాడు.

పెద్దక్క నర్సమ్మ దగ్గరికి తిరిగి వచ్చింది.

"గీ వయసుల యోగానా? నలుగురు సూస్తె నవ్వరా?"

"నవ్వేటోళ్ళు వచ్చి నీ నడుం పడతరా అక్కా?"

"టీవీల సూసిన. కాలు తీసి తలకాయ మీద పెట్టుకుంటరు. నాతోని కాదు."

"అది నువ్వు చేయొద్దు. నీ మెడ తిరగాలె. భుజం లేవాలె. నడుం వంగాలె. మోకాలు మడత పడాలె. గంతే చాలు."

వంగలేని వాళ్ళకూ యోగా ఉంది

బి.కె.ఎస్. అయ్యంగార్ అనే యోగా గురువు ఉండేవారు. కర్ణాటకలోని బెళ్ళూరులో 1918లో పుట్టారు. చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ ఆయన్ని పీడించాయి. ఒళ్ళు బిగుసుకుపోయి ఉండేది. మైసూరులో కృష్ణమాచార్య గారి దగ్గర యోగా నేర్చుకున్నారు. తర్వాత దేశదేశాల వాళ్ళకు నేర్పారు. 2014లో చనిపోయారు. కుర్చీ, తాడు, చెక్క దిమ్మె, దుప్పటి ఊతంగా పెట్టి, వంగలేని వాళ్ళ చేత కూడా ఆసనాలు వేయించడం ఆయన పద్ధతి.

అంటే ఊతం తీసుకోవడం తప్పు కాదు. చేయి కాలును అందుకోకపోతే మధ్యలో తువ్వాలు పట్టుకోవచ్చు. నిలబడితే తూలుతుంటే గోడ పట్టుకోవచ్చు. కింద కూర్చోలేకపోతే కుర్చీలో కూర్చోవచ్చు. ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలని పతంజలి ఏనాడో చెప్పాడు. పళ్ళు బిగబట్టి వేసేది ఆసనం కాదు.

మొదట ఈ ఆరు చాలు

పొద్దున్నే, ఏమీ తినకముందు చేయడం మంచిది. కుదరకపోతే భోజనం చేసిన మూడు నాలుగు గంటలకు చేయండి. వదులు బట్టలు వేసుకోండి. నేల మీద చాప, దానిమీద దుప్పటి పరవండి. గాలి వచ్చే చోట చేయండి. తంబాకు, ఆకు ఉన్న గదిలో వద్దు. గట్టిగా ఊపిరి తీస్తే ఆ దుమ్ము లోపలికి పోతుంది.

1. మెడ కదలికలు: కుర్చీలోనో, చాప మీదో నిటారుగా కూర్చోండి. మెడను మెల్లగా కుడికి తిప్పండి. మళ్ళీ ఎడమకు తిప్పండి. తర్వాత చెవిని భుజం వైపు వంచండి. ఒక్కో వైపు ఐదుసార్లు. మెడను గిరగిరా తిప్పవద్దు.

2. తాడాసనం: పాదాలు రెండు అంగుళాల ఎడంగా పెట్టి నిలబడండి. చేతివేళ్ళు కలిపి చేతులు పైకి చాపండి. అరచేతులు ఆకాశం వైపు ఉండాలి. కుదిరితే మడమలు ఎత్తండి. తూలితే గోడ దగ్గర నిలబడండి.

3. కటి చక్రాసనం: కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడండి. చేతులు ముందుకు చాపండి. నడుమును మెల్లగా కుడికి తిప్పి వెనక్కి చూడండి. తర్వాత ఎడమకు. పాదాలు కదలకూడదు.

4. భుజంగాసనం: బోర్లా పడుకోండి. మోచేతులు నేలకు ఆనించి తల, ఛాతీ కొంచెం పైకి ఎత్తండి. బొడ్డు నేలకు ఆనే ఉండాలి. పొద్దంతా ముందుకు వంగి పని చేసేవాళ్ళ వీపుకు ఇది మంచి విశ్రాంతి.

5. సేతుబంధాసనం: వెల్లకిలా పడుకోండి. మోకాళ్ళు మడిచి పాదాలు నేలకు ఆనించండి. నడుమును మెల్లగా పైకి ఎత్తండి. తొడలకు, పిరుదులకు బలం వస్తుంది. కింద కూర్చుని లేవడానికి ఆ బలమే కావాలి.

6. పవనముక్తాసనం: వెల్లకిలా పడుకుని ఒక మోకాలిని రెండు చేతులతో పొట్ట వైపు తెచ్చుకోండి. తల ఎత్తనక్కర లేదు. తర్వాత రెండో కాలు.

ఒక్కో ఆసనంలో పదిహేను నుంచి ముప్పై లెక్కపెట్టేదాకా ఉండండి. రెండు మూడుసార్లు చేయండి. ఊపిరి బిగపట్టవద్దు. చివర ఐదు నిమిషాలు శవాసనంలో పడుకోండి. లేచేటప్పుడు పక్కకు తిరిగి, చేయి ఆనించి లేవండి.

లాగినట్టు ఉంటే మంచిదే. పొడిచినట్టు నొప్పి వస్తే వెంటనే ఆపండి. ఈ తేడా తెలిస్తే యోగా సగం వచ్చినట్టే.

యోగాతోనే బరువు తగ్గుతుందా?

ఇక్కడ చాలామంది మోసపోతారు. నెమ్మదిగా ఆసనాలు వేస్తే అరగంటకు 70 కిలోల మనిషి ఖర్చుపెట్టేది సుమారు 90 కేలరీలు. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కేలరీలు ఉంటాయి. అరగంట యోగా చేసి వచ్చి రెండు మిరపకాయ బజ్జీలు తింటే లెక్క మొదటికి వస్తుంది.

మరి యోగా ఎందుకు? ఒళ్ళు వదులవుతుంది. కండకు బలం వస్తుంది. నొప్పి తగ్గితే నడవగలుగుతాం. ఊపిరి మీద ధ్యాస పెడితే మనసు నిదానిస్తుంది. విసుగు పుట్టినప్పుడల్లా చాయ్, మిక్చర్ వైపు చేయి పోదు. బరువు తగ్గించేది ముఖ్యంగా తిండి, నడక. యోగా ఆ రెంటికీ తోడు.

పెద్దక్క, నర్సమ్మ కూర్చుని లెక్క వేశారు.

"రోజుకు ఎన్ని చాయ్‌లు అక్కా?"

"నాలుగు. చాయ్ లేకుంటె చెయ్యి ఆడది."

"చక్కెర?"

"చాయ్‌కి రెండు చెంచాలు."

అంటే రోజుకు ఎనిమిది చిన్న చెంచాల చక్కెర. చెంచాకు 20 కేలరీలు. పెద్దక్క రోజుకు రెండు చాయ్‌లే తాగి, ఒక్కో చెంచా చక్కెర వేసుకుంటే ఆరు చెంచాలు తగ్గుతాయి. అంటే 120 కేలరీలు. రాత్రి అన్నానికి 40 గ్రాముల బియ్యం తగ్గిస్తే ఇంకో 140. మొత్తం 260. నెలకు 7,800 కేలరీలు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. లెక్క ప్రకారం నెలకు ఒక కిలో. అసలు ఒంట్లో ఇంతకన్నా కొంచెం తక్కువే తగ్గుతుంది.

"అన్నం మానేసి జొన్నరొట్టె తింటె తగ్గుతదా?" అని పెద్దక్క అడిగింది. జొన్నల్లో కూడా దాదాపు బియ్యంలో ఉన్నంత శక్తి ఉంటుంది. అయితే పీచు ఎక్కువ. కడుపు తొందరగా నిండుతుంది. కాబట్టి జొన్నరొట్టె మంచిదే. కాని లెక్క లేకుండా తింటే అదీ ఒంటికి పడుతుంది. అన్నం తగ్గించిన చోట పప్పు, ఆకుకూర, కూరగాయలు పెంచాలి. పస్తులు ఉండకూడదు. పస్తుంటే కండ కూడా కరిగిపోతుంది.

మూడు నెలలు గడిచాయి. పెద్దక్క బరువు 68 నుంచి 66కు వచ్చింది. "గింతేనా?" అని మొదట చిన్నబుచ్చుకుంది. కాని జాకెట్లు వదులయ్యాయి. గోడ పట్టుకోకుండా కింద నుంచి లేస్తున్నది. గంటకొకసారి చాట పక్కన పెట్టి, లేచి చేతులు పైకి చాపుతున్నది. పక్కనున్న ఆడవాళ్ళు మొదట నవ్వారు. ఇప్పుడు ఇద్దరు ఆమెతోపాటు లేస్తున్నారు.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. తల కిందికి పెట్టే ఆసనాలు వద్దు. కంట్లో నీటి ఒత్తిడి ఉన్నవాళ్ళకు కూడా అవి వద్దు.

గర్భసంచి ఆపరేషన్, కడుపు ఆపరేషన్ అయినవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పేదాకా భుజంగాసనం వేయకూడదు.

నడుం నొప్పి కాలిలోకి జాలుగా దిగుతుంటే, ఎముకలు గుల్లబారి ఉంటే ముందుకు బాగా వంగకూడదు.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు పరగడుపున చేసేముందు డాక్టరును అడగాలి. చెమట పట్టి చేతులు వణికితే వెంటనే చక్కెర తినాలి.

కారణం లేకుండా బరువు పెరుగుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. యోగా మొదలుపెట్టామని బీపీ, షుగరు మాత్రలు సొంతంగా మానకూడదు.

ఒక్కరోజు పండుగ కాదు

జూన్ 21ని యోగా దినోత్సవంగా జరపాలని ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న తీర్మానించింది. 2015 నుంచి జరుపుతున్నారు. 2025లో మన దేశంలో ప్రధాన కార్యక్రమం విశాఖపట్నంలో జరిగింది. లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేశారు. చూడడానికి బాగుంటుంది. కాని ఏడాదికి ఒకరోజు రెండు గంటలు చేస్తే ఒళ్ళు వంగదు. రోజూ ఇరవై నిమిషాలు చేస్తే వంగుతుంది.

గుర్తుంచుకోండి

• ఏ వయసులో మొదలుపెట్టినా ఒళ్ళు వదులవుతుంది.
• పక్కవాళ్ళతో పోటీ వద్దు. నిన్నటి మీతోనే పోల్చుకోండి.
• యోగాతో పాటు వారానికి 150 నిమిషాలు చురుకుగా నడవండి.
• నూనె, చక్కెర, అన్నం తగ్గించండి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటవద్దు.
• నడుము చుట్టుకొలత ఆడవాళ్ళకు 80, మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు దాటకూడదు.

చేసి చూడండి

1. టైలరు టేపుతో బొడ్డు దగ్గర మీ నడుము కొలవండి. కొలత, తేదీ క్యాలెండరు మీద రాయండి. నెల తర్వాత మళ్ళీ కొలవండి.

2. మీ ఇంట్లో నెలకు ఎన్ని లీటర్ల నూనె వాడుతున్నారు? ఇంట్లో ఎంతమంది? ఒక్కరికి ఎంత పడుతుందో లెక్క కట్టండి.

3. యోగా చేసిన రోజున క్యాలెండరులో గీత పెట్టండి. నెలాఖరున గీతలు లెక్కపెట్టండి.

జవాబులు చెప్పండి

1. పెద్దక్కకు కింద కూర్చోవడం ఎందుకు అవసరం?
2. ఒళ్ళు లాగడానికి, పొడిచే నొప్పికి తేడా ఏమిటి?
3. యోగా ఒక్కటే చేస్తే బరువు ఎందుకు తగ్గదు?
4. మీరు రోజంతా చేసే పనిలో ఒంట్లో ఏ భాగం కదలడం లేదు? దానికి ఏ ఆసనం పనికి వస్తుంది?